ఏసీ నడవకపోవడం: కారణాలు, పరిశీలన క్రమం

స్విచ్ వేసినా ఇంటి ఏసీ నడవకపోవడానికి కారణాలు చాలానే ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం రెండు కోవల్లోకే వస్తాయి. ఒకటి, యంత్రం దాకా సరైన కరెంటు చేరకపోవడం. రెండు, చేరినా లోపలి రక్షణ ఏర్పాటు ఏదో ఒకటి యంత్రాన్ని ఆపేయడం. కంప్రెసర్ నిజంగానే కాలిపోయిన సందర్భాలు వీటి ముందు తక్కువ. ఈ తేడా తెలియకపోవడం వల్లే వంద రూపాయలతో పోయే లోపానికి వేలు ఖర్చవుతాయి. అంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి జరుగుతుంది: యంత్రాన్ని కాపాడుతున్న బ్రేకర్‌ను, స్టెబిలైజర్‌ను, సెన్సర్‌ను తప్పించేసి దాన్ని బలవంతంగా నడిపిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో ఎక్కువగా కనిపించే 1 నుంచి 2 టన్నుల స్ప్లిట్ ఏసీని ఆధారంగా తీసుకుని, లోపాన్ని ఏ వరసలో వెతకాలో, ఇంటివారు ఎక్కడ ఆగాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

యంత్రం, దాని కొలతలు

విల్లిస్ కారియర్ 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం కోసం తొలి ఆధునిక ఎయిర్ కండిషనింగ్ ఏర్పాటును రూపొందించారు. ఉక్కకు కాగితం సాగి రంగులు పక్కకు జరిగిపోకుండా గాలిలోని తేమను అదుపు చేయడం అప్పటి అవసరం. సూత్రం ఇప్పటికీ మారలేదు. గదిలోని కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది, బయటి కాయిల్‌లో అదే ఆవిరి తిరిగి ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది, ఈ రెండింటి మధ్య కంప్రెసర్ పంపులా పనిచేస్తుంది.

ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడిని బట్టి ‘టన్ను’ అనే కొలత వచ్చింది. అది సుమారు 3.5 కిలోవాట్లు. 1.5 టన్నుల ఏసీ 5 కిలోవాట్లకు పైగా వేడిని బయటికి తోడుతుంది. అందుకు ఇప్పటి మోడళ్లు లైను నుంచి తీసుకునే విద్యుత్తు దాదాపు 1.5 కిలోవాట్లు, అంటే 230 ఓల్టుల దగ్గర ఆరేడు ఆంపియర్లు. పాత పద్ధతి కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మాత్రం ఇందుకు నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. ‘స్విచ్ వేయగానే లైట్లు మసకబారి ఏసీ ఆగిపోయింది’ అని చాలామంది చెప్పే అనుభవానికి మూలం ఆ ఒక్క క్షణమే.

ముందు తేల్చుకోవలసింది

‘ఏసీ నడవడం లేదు’ అనే ఒకే మాట మూడు వేర్వేరు పరిస్థితులకు వాడుతుంటారు. లోపలి యూనిట్‌లో లైటు కూడా వెలగకపోవడం ఒకటి. లోపలి ఫ్యాన్ తిరుగుతూ గాలి వస్తున్నా బయటి యూనిట్ మొదలవకపోవడం రెండోది. రెండూ తిరుగుతున్నా గది చల్లబడకపోవడం మూడోది. మొదటిది దాదాపు ఎప్పుడూ కరెంటుకో లోపలి బోర్డుకో సంబంధించినది. రెండోది ఓల్టేజీ, కెపాసిటర్, రెండు యూనిట్లను కలిపే వైరు, ఇన్వర్టర్ బోర్డులలో ఏదో ఒకదాన్ని చూపిస్తుంది. మూడోదానికి ఫిల్టర్, కాయిల్, గ్యాస్ లీకు వంటి కారణాలుంటాయి. మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు ఈ మూడింటిలో ఏదో స్పష్టంగా చెబితే, ఆయన ఏ సామాను వెంట తెచ్చుకోవాలో అక్కడే సగం తేలిపోతుంది.

స్తంభం నుంచి ప్లగ్గు దాకా

కరెంటు వచ్చే దారి వెంట వెతకడమే సరైన వరస: వీధి స్తంభం, మీటరు, మెయిన్, ఎంసీబీ (బ్రేకర్), స్టెబిలైజర్, ప్లగ్గు, ఆ తర్వాత యంత్రం. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక ఫేజు మాత్రమే పోతే హాల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, పడకగది ఏసీ మాత్రం చచ్చుబడి ఉంటుంది. ఇంట్లో కరెంటు ఉంది కదా అని నేరుగా ఏసీనే అనుమానించడం ఇక్కడ జరిగే పొరపాటు. ఏసీ ఉన్న గదిలోని మిగతా ప్లగ్గుల్లో కరెంటు ఉందో లేదో చూడాలి. ఏసీకి ఇచ్చిన లైను వేరే ఫేజుదైతే అదీ సరిపోదు, బోర్డు దగ్గరే చూడాలి.

మన దేశంలో ఇళ్లకు ప్రామాణిక ఓల్టేజీ 230, అటూ ఇటూ 10 శాతం. అంటే 207 నుంచి 253 ఓల్టుల దాకా సరఫరా ప్రమాణానికి లోబడి ఉన్నట్టే. రోహిణి కార్తెలో, రాత్రి తొమ్మిది దాటాక వీధిలోని ఏసీలన్నీ ఒకేసారి నడిచే వేళ, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న చివరి ఇళ్లలో ఓల్టేజీ ఈ హద్దు కిందికి జారుతుంది. అప్పుడు స్టెబిలైజర్ తెగ్గొట్టినా, ఇన్వర్టర్ ఏసీ తనంతట తానే ఆగినా, ఆ పరికరం తన పని తాను చేసినట్టే. పగలు బాగా నడిచి రాత్రి మొరాయించే ఏసీ విషయంలో మెకానిక్ కంటే ముందు విద్యుత్ పంపిణీ సంస్థను అడగాలి. ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది. ఒక్కరు చెబితే కదలని సమస్య వీధిలో పది ఇళ్లవారు చెబితే కదులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని అడగడం వినియోగదారుల హక్కు. అయితే ఏసీ కొన్నాక అదనపు లోడు నమోదు చేయించుకోవడం వారి వైపు బాధ్యత.

లో ఓల్టేజీ కంటే చెడ్డది న్యూట్రల్ తెగడం. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తెగితే 230 రావలసిన చోట 300 దాటి వస్తుంది, ఒక్కోసారి 400 దరిదాపులకూ పోతుంది. బల్బులు మామూలు కంటే మిలమిలా వెలిగి, ఫ్యాన్లు విసురుగా తిరిగి, ఆ వెంటనే ఏసీ ఆగిపోయిందంటే దాన్ని తిరిగి వేసే ప్రయత్నం చేయకూడదు. ముందు మెయిన్ దించేయాలి.

ఎంసీబీ పడిపోయే తీరు కూడా సమాచారమే. స్విచ్ వేసిన క్షణంలోనే పడితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. పది, పదిహేను నిమిషాలు నడిచాక పడితే లోడు ఎక్కువైనట్టు, లేదా ఎక్కడో లూజు కాంటాక్టు వేడెక్కుతున్నట్టు. లీకేజీని పట్టే బ్రేకర్, అంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడితే కరెంటు యంత్రం బాడీకో గోడకో లీకవుతున్నట్టు. పడిన ఎంసీబీ మీట ఒక్కోసారి మధ్యలోనే నిలిచిపోతుంది. దాన్ని పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే పైకి ఎత్తాలి. ఇలా ఒకసారి ఎత్తి చూడవచ్చు. మళ్లీ పడితే అక్కడితో ఆగాలి. 20 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని 32 ఆంపియర్లది బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది నేరుగా మంటలకు దారి. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. వైరు అదే ఉండి బ్రేకర్ మాత్రం పెద్దదైతే, ఇక ముందుగా కాలేది ఆ వైరే.

ప్లగ్గును దగ్గరగా చూడడం ఇంటివారు తప్పకుండా చేయవలసిన పని. మెయిన్ దించి, ప్లగ్గు బయటికి లాగి, మూడు పిన్నులనూ వెలుతురులో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పిన్ను ఇత్తడి రంగులో మెరుస్తుంది. వేడెక్కిన పిన్ను మీద ముదురు గోధుమ రంగు మచ్చ పడుతుంది, దాని మొదట్లో ప్లాస్టిక్ కరిగి చిన్న అంచు కడుతుంది, సాకెట్ రంధ్రం చుట్టూ పసుపు పచ్చని వలయం కనిపిస్తుంది. ముక్కు దగ్గర పెడితే చేపల కూరకు దగ్గరగా ఉండే వాసన వస్తుంది. బేకలైట్, ప్లాస్టిక్ భాగాలు వేడికి పాడయ్యేటప్పుడు వచ్చే వాసన అది. ఇవి కనిపించాక ప్లగ్గును గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టడం పనికిరాదు. ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి, వెనక వైరు చివర కూడా కత్తిరించి కొత్తగా బిగించాలి. ఏసీని 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గుకో ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలించడం ఏ పరిస్థితిలోనూ తగదు. 16 లేదా 20 ఆంపియర్ల సాకెట్టు, ఏసీకి ప్రత్యేకంగా బోర్డు నుంచి లాగిన లైను, సరైన ఎర్తింగ్ ఉండాలి. 1.5 టన్నులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించుకుంటే నిశ్చింత.

స్టెబిలైజర్ విషయంలో ఓపిక కావాలి. కరెంటు పోయి వచ్చాక అది వెంటనే అవుట్‌పుట్ ఇవ్వదు, కొన్ని నిమిషాలు ఆగుతుంది. ఇన్‌పుట్ అంకె కనిపిస్తూ అవుట్‌పుట్ సున్నా చూపిస్తే ఎదురు చూడాలి. అయినా రాకపోతే లోపం స్టెబిలైజర్‌లోనే ఉండవచ్చు. ఇన్వర్టర్ ఏసీలకు స్టెబిలైజర్ అక్కర్లేదనే మాట నిజమే, కాకపోతే ఆ మోడల్‌కు కంపెనీ ప్రకటించిన ఓల్టేజీ పరిధి వరకే.

రిమోట్, మోడ్, మూడు నిమిషాలు

లోపలి యూనిట్ లైటు వెలుగుతూ రిమోట్‌కు స్పందించకపోతే ముందు సెల్లులు మార్చాలి. రిమోట్ తెర మీద అంకెలు కనిపించినంత మాత్రాన సిగ్నల్ పంపే శక్తి సెల్లులకు ఉందని కాదు. రిమోట్ ముందున్న చిన్న బల్బును ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే, కంటికి కనిపించని పరారుణ కాంతి తెర మీద మిణుకుమంటుంది. లోపలి యూనిట్ ముందు మూత ఎత్తితే చాలా మోడళ్లలో ఒక చిన్న బటన్ ఉంటుంది. రిమోట్ లేకుండా ఏసీని నడపడానికే దాన్ని పెట్టారు. దానితో ఏసీ మొదలైతే యంత్రం బాగున్నట్టే, లోపం రిమోట్‌లోనో సిగ్నల్ అందుకునే భాగంలోనో ఉంది.

మోడ్ ‘ఫ్యాన్’ మీద ఉంటే కంప్రెసర్ రాదు. ‘కూల్’లో ఉన్నా, పెట్టిన ఉష్ణోగ్రత కంటే గది అప్పటికే చల్లగా ఉంటే రాదు. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. వాన పడిన సాయంత్రం గదిలో 24 డిగ్రీలే ఉంటే బయటి యూనిట్ కదలకపోవడం సహజం. పరీక్ష కోసం రిమోట్‌ను 18కి తగ్గించి చూడాలి.

ఆ పరీక్షకు కనీసం మూడు నిమిషాల గడువు ఇవ్వాలి. కంప్రెసర్ ఆగిన వెంటనే పైపుల్లో ఒకవైపు ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. రెండూ సమం కాకముందే మోటారును తిప్పబోతే అది తిరగలేక స్తంభించి విపరీతంగా కరెంటు లాగుతుంది. అందుకే బోర్డు మూడు నిమిషాల ఆలస్యాన్ని పాటిస్తుంది. రావడం లేదని మాటిమాటికీ స్విచ్ ఆపి వేసేవారు ప్రతిసారీ ఆ గడువును మొదటికి తెస్తారు.

లోపలి బోర్డు

కరెంటు ప్లగ్గు దాకా సరిగా వస్తూ లైటు కూడా వెలగకపోతే అనుమానం లోపలి సర్క్యూట్ బోర్డు (పీసీబీ) మీదికి వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల అకాల వర్షాల్లో పిడుగులు పడ్డ రాత్రి తర్వాత ఇలాంటి ఫిర్యాదులు కట్టగట్టుకుని వస్తాయి. బోర్డు మీద సరఫరా ప్రవేశించే చోట ఒక గాజు ఫ్యూజు, దాని పక్కన గుండ్రటి బిళ్లలాంటి వేరిస్టర్ ఉంటాయి. ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు వేరిస్టర్ ఆ దెబ్బను తన మీద వేసుకుంటుంది, దానితో ఫ్యూజు పోతుంది. బిళ్ల చీలి నల్లబడి కనిపిస్తే బోర్డులోని మిగతా భాగాలు బతికే అవకాశం ఉంది. ఈ రెండు భాగాల ధర చాలా తక్కువ. అయినా ‘బోర్డు పోయింది, మొత్తం మార్చాలి’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. వారంటీ గడువు దాటిన ఏసీ అయితే, బోర్డు కొనే ముందు దాన్ని బాగుచేసే ఎలక్ట్రానిక్స్ పనివారికి ఒకసారి చూపించడం మంచిది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఇలాంటి విడిభాగాలకు పేరున్న చోటు.

మన ఇళ్లలో బోర్డులు పోవడానికి ఇంకో పెద్ద కారణం బల్లులు, చీమలు. వెచ్చదనం కోసం లోపలికి దూరిన బల్లి రెండు టెర్మినళ్ల మీద ఒకేసారి కాలు మోపితే అక్కడే మాడిపోతుంది, దానితో బోర్డూ పోతుంది. పైపులు గోడ దాటే రంధ్రాన్ని పుట్టీతో మూసివేయడం చాలా చిన్న పని. ఏసీ బిగించేటప్పుడు తప్పకుండా అడిగి చేయించుకోవాలి.

లైటు మిణుకుమంటున్నా, తెర మీద ఏదైనా అక్షరమూ అంకే కనిపిస్తున్నా అది యంత్రం చెబుతున్న లోపం కోడు. వీటి అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. ఒక కంపెనీలో సెన్సర్ లోపాన్ని చూపే కోడు మరో కంపెనీలో కమ్యూనికేషన్ లోపం కావచ్చు. స్విచ్ ఆపే ముందే దాన్ని వీడియో తీసి పెట్టుకోవాలి. చాలా మోడళ్లలో కరెంటు తీయగానే ఆ ఆధారం పోతుంది.

బయటి యూనిట్ మొదలవకపోతే

పాత పద్ధతి, అంటే ఇన్వర్టర్ కాని ఏసీల్లో ఎక్కువసార్లు పట్టుబడే దొంగ రన్ కెపాసిటర్. 1.5 టన్నుల యంత్రంలో ఇది సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫారడ్ల మధ్య, 440 ఓల్టుల రేటింగ్‌తో ఉంటుంది. ఫ్యాన్‌కు విడిగా కొద్ది మైక్రోఫారడ్ల చిన్నది ఉంటుంది. లోపం తెలిసే తీరు స్పష్టం: బయట ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ ‘మ్‌మ్’ అని ఒక పది సెకన్లు మూలిగి ‘టక్’ మని ఆగుతుంది, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ అదే జరుగుతుంది. ఆ ‘టక్’ ఓవర్‌లోడ్ రక్షణది. కెపాసిటర్ పైభాగం చదునుగా ఉండాలి. పోయినదాని మూత పొంగి ఉంటుంది, అంచుల్లో నూనె చెమ్మ కనిపిస్తుంది. పైకి బాగున్నా లోపల బలహీనపడినవీ ఉంటాయి. 45 అని రాసి ఉన్నది మీటరులో 30 చూపిస్తే అది కంప్రెసర్‌ను కదిలించలేదు. ఎండాకాలపు వేడి కెపాసిటర్ ఆయుష్షును తినేస్తుంది కాబట్టి రెంటచింతల, రామగుండం వంటి చోట్ల కొన్నేళ్లకోసారి మార్చవలసి రావడం వింత కాదు. కంప్రెసర్ పోయిందని ఎవరైనా చెబితే, కెపాసిటర్‌ను మీటరుతో కొలిచారా అని అడగడం ఇంటివారి హక్కు.

అయితే దీన్ని ఇంటివారు విప్పకూడదు. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో నిలవ ఉన్న విద్యుత్తు గట్టి దెబ్బ కొడుతుంది.

ఇన్వర్టర్ ఏసీలో కథ వేరు. కంప్రెసర్‌కు రన్ కెపాసిటర్ ఉండదు. వచ్చిన కరెంటును బోర్డు ముందు డీసీగా మార్చి, తిరిగి కావలసిన వేగానికి తగ్గ ఏసీ కరెంటుగా మలిచి కంప్రెసర్‌కు ఇస్తుంది. మెల్లగా మొదలై వేగం పెంచుకుంటుంది కాబట్టి ఆరంభంలో ఆ పెద్ద కుదుపు ఉండదు. ఇక్కడ సాధారణంగా దెబ్బతినేవి పవర్ మాడ్యూల్, లోపలి బయటి యూనిట్లు మాట్లాడుకునే సిగ్నల్ వైరు. ఇల్లు మారి ఏసీ తిరిగి బిగించాక నడవకపోతే ముందుగా ఈ వైరునే చూడాలి. 1, 2, 3 అంకెలున్న టెర్మినళ్లలో రెండు తారుమారైనా, పొడవు చాలక మధ్యలో మెలివేసి టేపు చుట్టిన జాయింటుకు చెమ్మ తగిలినా కమ్యూనికేషన్ కోడు వస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి ఈ టెర్మినళ్లకు పచ్చగా చిలుము పట్టిస్తుంది. బయటి బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో 300 ఓల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా అది కొన్ని నిమిషాలు నిలుస్తుంది.

ఏ భాగమూ చెడకుండానే బయటి యూనిట్ ఆగే సందర్భం ఒకటుంది. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్కన ప్రకటిస్తారు. అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు సందులో ఒకదాని కింద ఒకటి పది యూనిట్లు పెడితే కింది యూనిట్ వదిలిన వేడిగాలిని పైది పీల్చుకుంటుంది. బయట 44 డిగ్రీలుంటే సందులో 50 దాటుతుంది. దానికి తోడు కాయిల్ రెక్కల మధ్య దుమ్ము, పావురాల ఈకలు చేరితే పీడనం పెరిగి రక్షణ ఏర్పాటు యంత్రాన్ని ఆపుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆగి, సాయంత్రం ఆరింటికి తనంతట తాను నడిచే ఏసీ కోరేది కొత్త విడిభాగాన్ని కాదు. దాని ముందు నాలుగడుగుల ఖాళీ, కాయిల్‌కు శుభ్రమైన నీళ్లు చాలు.

గ్యాస్ గురించి

ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసివున్న పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. ప్రతి వేసవికీ ‘గ్యాస్ కొట్టించాలి’ అనడం, లీకు వెతక్కుండా నింపి పోవడం వినియోగదారుణ్ణి నష్టపరచడమే. గ్యాస్ తగ్గితే మామూలుగా యంత్రం నడుస్తూనే చల్లదనం తగ్గుతుంది. కాయిల్ మీద మంచు పేరుకోవచ్చు. కొన్ని ఇన్వర్టర్ మోడళ్లు మాత్రం దాన్ని గుర్తించి కోడు చూపి ఆగుతాయి.

ఇప్పటి చాలా ఏసీల్లో ఉండే ఆర్ 32 స్వల్పంగా మండే గుణమున్నది, కొన్నిటిలోని ఆర్ 290 అయితే బాగా మండుతుంది. గ్యాస్ పూర్తిగా తీయకుండా, కిటికీలు మూసిన గదిలో పైపుకు మంట పెట్టి అతకడం ప్రమాదం. లీకు పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో పీడనం ఎక్కిస్తే కంప్రెసర్ నూనెతో కలిసి పేలుతుంది, ప్రాణాలు పోతాయి. 2019లో కేంద్రం విడుదల చేసిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022–23 నాటికి లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకోవడం వెనక ఇలాంటి అవసరాలే ఉన్నాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ వంటి సంస్థలు ఏసీలు తయారు చేస్తున్న ఈ రోజుల్లో, బిగించేవారికీ బాగుచేసేవారికీ అదే స్థాయిలో శిక్షణ అందవలసి ఉంది.

ఇంటివారి హద్దు

ఎంసీబీని ఒకసారి ఎత్తడం, ప్లగ్గు చూడడం, సెల్లులు మార్చడం, ఫిల్టర్ కడగడం, మూడు నిమిషాలు ఆగడం, కోడును వీడియో తీయడం ఇంటివారి పనులు. స్క్రూ విప్పవలసిన ప్రతి పనీ టెక్నీషియన్‌ది. మాడిన వాసన, పొగ, యూనిట్‌ను తాకితే జివ్వుమనడం, ఆర్‌సీసీబీ పదే పదే పడడం కనిపిస్తే పరీక్షలేవీ చేయకుండా మెయిన్ దించి పిలవాలి. వారంటీలో ఉన్న ఏసీని బయటివారితో విప్పిస్తే వారంటీ పోయే ప్రమాదముంది. కంప్రెసర్‌కు పదేళ్లని రాసి ఉన్నా బోర్డుకు, గ్యాస్‌కు, కూలికి గడువు వేరుగా ఉంటుంది కాబట్టి కార్డు చదివి మాట్లాడాలి. కంపెనీ సేవల మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వచ్చిన మనిషి భద్రత కూడా ఆ ఇంటి బాధ్యతే. మూడో అంతస్తు సజ్జ మీద, పట్టుకోవడానికి ఆసరా లేనిచోట బయటి యూనిట్ పెట్టించి, దాన్ని బాగుచేయడానికి ఒక యువకుణ్ణి తాడు కూడా లేకుండా దింపడం మన పట్టణాల్లో రోజూ జరుగుతోంది. ఏసీ ఒకరోజు ఆలస్యంగా నడిచినా ఫరవాలేదు. భద్రతా బెల్టు లేకుండా ఎవరినీ ఆ సజ్జ మీదికి దిగనివ్వకండి, కొత్తగా బిగించేటప్పుడు బయటి యూనిట్‌ను మనిషి నిలబడి పనిచేయగల చోటే పెట్టించండి.